తెర ఆర్పేసే అమ్మాయి

మా కరీంనగర్ కాలేజీలో చదివిన ఆ చూపులేని అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చోగానే తెర ఆర్పేసేది. "నాకెందుకు సారూ, కరెంటు దండుగ" అని నవ్వేది. వాళ్ల బాపు సిరిసిల్లలో సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, నేసేవాడు. అవి నడిచినంతసేపే కూలి.

తెరమీది రాతను చదివి వినిపించే గొంతుకు ఏ టైపింగ్ సాఫ్ట్‌వేర్ కుదురుతుందో తేల్చే పని కాలేజీ ఆమెకే ఇచ్చింది. వాటిని పరీక్షించి చూడమని నా తెలుగు నోట్సు ఇచ్చాను. అచ్చు పుస్తకంలా ఉండాలని నేనే టైపు చేసి, ఏడాదిగా ఆమెకు పంపుతున్న నోట్సు అది.

మొదటి సాఫ్ట్‌వేర్‌లో ఆ గొంతు "ఎస్, డాలర్, కామా" అంది. రెండోదాంట్లో, మూడోదాంట్లో కూడా అంతే.

"మూడూ పనికిరావు" అన్నాను.

"వాటి తప్పు గాదు సారూ. మీది పాత ఫాంటు. కంటికే తెలుగు, లోపలంత ఇంగ్లిష్ గుర్తులే."

తెర వెలిగించాను. నా తెలుగు ముత్యాల్లా మెరుస్తోంది.

"మరి ఏడాదంత ఎట్ల సదివినవమ్మా?"

"మీరు పరేషాన్ అయితరని చెప్పలే. దోస్తులు రాసుకున్న కాయితాలు తెచ్చుకుంటే మా బాపు సాంచె బంద్ వెట్టి సదివెటోడు. చప్పుడుల ఇనవడది గద."

చెయ్యి చాచి, మీట తడిమి, తెర మళ్లీ ఆర్పేసింది.