మూడడుగుల సందు

నా చిన్నప్పుడు మా ఇంటి స్థలం రెండు ముక్కలైంది. ఏ ముక్క ఎవరిదో తేల్చే చీటీ నా చేతే తీయించారు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు డెబ్బై దాటాయి. మోకాళ్లు నా మాట వినడం మానేశాయి, పొద్దున ఏం కూర వండానో మధ్యాహ్నానికి గుర్తుండదు. ఆ చీటీని మాత్రం మరిచిపోలేదు. మరిచిపోదామని చాలా ఏళ్లు ప్రయత్నించాను కూడా.

మాది రాజాం. అప్పటికి ఊరు ఇంత పెరగలేదు గానీ ఇళ్లు మాత్రం ఒకదాన్నొకటి ఆనుకునే ఉండేవి. మా స్థలానికి వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. మిగిలిన మూడు వైపులా ఇరుగుపొరుగు గోడలే. ముందు తాతయ్య కట్టిన పెంకుటిల్లు, వెనక నుయ్యి, పెరడు. పెరట్లోకి వెళ్లాలంటే ఇంట్లోంచే వెళ్లాలి. తాతయ్య పోయిన కొన్నాళ్లకు ఒక వానాకాలంలో ఇంటి గోడ కూలింది. దాన్ని నిలబెట్టడం కంటే ఇల్లు దింపేసి, స్థలం పంచుకుని, ఎవరిల్లు వాళ్లు కట్టుకోవడం మేలని మా పెదనాన్న, నాన్న అనుకున్నారు. నిలువునా చీలిస్తే ఎవరికీ సరైన గది కూడా రాదు. అందుకని ముందొక వాటా, వెనకొక వాటా వేశారు. వెనక వాటావాళ్లు వీధిలోకి రావడానికి ముందు వాటా పక్కనుంచి ఒక సందు వదిలారు. మూడడుగుల సందు.

ఇలాంటి పంపకాలకు మా ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. గీతలన్నీ ముందే గీసేస్తారు. సందు ఎంత, నుయ్యి ఎవరికి, గోడ ఎక్కడ, అన్నీ మాట్లాడుకుని మేకులు పాతి తాడు కట్టేస్తారు. చీటీలు ఆ తర్వాతే. ఏ వాటా ఎవరికొస్తుందో తెలియనప్పుడు గీసిన గీతలో మోసం ఉండదని వాళ్ల నమ్మకం. ఇక చీటీ తీసేది ఇంట్లో చిన్నపిల్ల. పిల్లల చేతికి పక్షపాతం ఉండదట. పెదనాన్నకు పిల్లలు లేరు కాబట్టి ఆ పిల్ల నేనే అయ్యాను. కొత్త లంగా కట్టుకుని, అందరూ నన్నే చూస్తుంటే మురిసిపోతూ, మా నాన్న కోసమని కుంచంలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీశాను. మధ్యవర్తి విప్పి చదివాడు. వెనక వాటా.

అమ్మ కోప్పడలేదు. నవ్వబోయి నవ్వలేక, "ఏ సేత్తో తీసినావే తల్లీ" అంది, అంతే. ఆ ఒక్క మాట నాకు చాలు. ఆ చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఎందుకంటే అమ్మకు అప్పుడు ఏడో నెల. అంతకు రెండేళ్ల ముందు కడుపులో బిడ్డ అడ్డం తిరిగితే అమ్మను మంచం మీద వేసి ఆస్పత్రికి మోసుకెళ్లారు. అమ్మ దక్కింది, బిడ్డ దక్కలేదు. ఈసారి నొప్పులు మొదలైతే ఇంట్లో ఒక్క క్షణం ఉంచవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ సంగతి పెద్దవాళ్లు నాకు చెప్పలేదు. తలుపు చాటునుంచి విన్నాను.

వానలు పడేలోపు గోడలు లేపాలని పెదనాన్న వెంటనే పని మొదలుపెట్టాడు. ఆయన, పెద్దమ్మ వీధికి అవతల ఒక గది అద్దెకు తీసుకున్నారు. అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను పెరట్లో తాటాకు పాక వేసుకుని అందులోకి చేరాం. మేకులకు తాడు మాత్రమే ఉన్నంతకాలం మూడడుగులు చిన్నవని నాకు తెలియలేదు. తాడు దాటి ఎటు కావాలంటే అటు పరిగెత్తేదాన్ని. గోడ లేస్తుంటే తెలిసింది. ఒక పక్క పొరుగువాళ్ల పాత గోడ, ఒక పక్క పెదనాన్న కొత్త గోడ. రోజుకు కొన్ని వరసలు. మొదట నా మోకాలి ఎత్తు, తర్వాత నడుం ఎత్తు. ఒక రోజు బడి నుంచి వచ్చి పాక ముందు నిలబడితే వీధి కనిపించలేదు. మునివేళ్ల మీద లేచాను, అయినా కనిపించలేదు. ఊపిరాడనట్టు అనిపించి నూతి గట్టెక్కి నిలబడితే అమ్మ అరిచి దింపేసింది.

మా నాన్న సైకిల్‌కు బట్టల మూటలు కట్టుకుని ఊళ్లమ్మట తిరిగి అమ్మేవాడు. మూటలతో సైకిల్ ఆ సందులో పట్టదు. పొద్దుపోయేవేళకు ఇంటికొచ్చి, వీధిలోనే మూటలు విప్పి, ఒక్కోటి లోపలికి మోసుకొచ్చి, మళ్లీ వెళ్లి సైకిల్ తెచ్చుకునేవాడు. ఒక్కసారి విసుక్కోలేదు. అన్నగారిని ఒక్క మాట అనలేదు. ఇంత మెత్తని మనిషేమిటా అని నాకే ఒళ్లు మండేది. అమ్మ పక్కకు తిరిగి, పొట్టకు చెయ్యి అడ్డం పెట్టుకుని సందులో నడిచేది. కొన్నాళ్లకు వీధిలోకి రావడమే మానేసింది.

నాకు ఒకటే ఆలోచన. అమ్మకు నొప్పులొస్తే మంచం ఎలా వెళ్తుంది? గోడ మీంచి ఎత్తి అందిస్తారా? బళ్లో పంతులుగారు ఏం చెబుతున్నా నా తలలో మంచమే తిరిగేది. ఎవరినైనా అడుగుదామంటే, తీసింది నువ్వే కదా అంటారని భయం. ఆ భయమంతా పెదనాన్న మీద కోపంగా మారింది. ముందు వాటా ఆయనకొచ్చింది, స్థలం కలిసొచ్చింది ఆయనకే, కాబట్టి మూడడుగులు కొలిచింది కూడా ఆయనే అని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. రైస్‌మిల్లులో పని ముగించుకుని వస్తూ ఆయన జేబులో మరమరాలు తెచ్చి పెట్టబోతే మొహం తిప్పుకునేదాన్ని. పాపం, ఆయనకేమీ అర్థమయ్యేది కాదు. మిగిలినవి పిచ్చుకలకు వేసి పోయేవాడు.

ఒక సాయంత్రం సందులో నిలబడి కుడిచెయ్యిని కొత్త గోడకేసి రుద్దుతున్నాను. ఎందుకు రుద్దుతున్నానో నాకే తెలియదు. చర్మం లేచిపోయి మండుతుంటే అదేదో బాగున్నట్టుండేది. నాయనమ్మ చూసింది.

"ఓలె గుంటా, ఏటది? సెయ్యేటి సేసిందని అలగ గీకుతన్నావు?"

నా ఏడుపు కట్ట తెగింది. అంతా చెప్పేశాను, మంచం సంగతితో సహా. నాయనమ్మ నన్ను ఊరుకోబెట్టలేదు, బుజ్జగించలేదు. సందు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడిచి వచ్చింది. నా చేతికి కొబ్బరినూనె రాసి, వెళ్లి అన్నం తినమంది. నేనింత చెబితే ఈ ముసలమ్మ ఏమీ పట్టించుకోలేదే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ మంచం దిగలేదు. నడుం పట్టేసింది, కదల్లేను, వైద్యుడి దగ్గరకు మంచం మీదే తీసుకెళ్లమని మూలుగు మొదలుపెట్టింది. నాన్న వెళ్లి పెదనాన్నను పిలుచుకొచ్చాడు. ముందు పెదనాన్న, వెనక నాన్న పట్టుకుని మంచం లేపారు. అది తాతయ్య చేయించిన పాతకాలపు నులకమంచం, కోళ్లు బాగా లావు. సందులో నాలుగడుగులు వేశారో లేదో కోళ్లు రెండు గోడల మధ్యా బిగుసుకున్నాయి. ముందుకు లాగితే వెళ్లదు, వెనక్కి లాగితే రాదు. మంచాన్ని పక్కకు వాలిస్తే పోతుంది గానీ మీద మనిషి ఉండగా వాల్చేదెలా?

"అమ్మా, ఒక్కసారి దిగవే, మంచం అవతలకి లాగీసి మళ్లీ ఎక్కిస్తాం" అన్నాడు పెదనాన్న.

"దిగడమే సేతనైతే మిమ్మల్నెందుకురా పిలుస్తాను? నాను దిగను. మీరూ దించకండి" అంది నాయనమ్మ.

మూలుగు ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది అందరికీ, ఆమె నడుముకు ఏమీ కాలేదని. చేతులు గుండెల మీద పెట్టుకుని, ఆకాశం చూస్తూ, ఎంతో సుఖంగా పడుకుని ఉంది. నాన్న మెడ మీద చెమట కారుతోంది. నాన్న వెనక నేను పుస్తకాల సంచితో, నా వెనక అమ్మ. బడి గంట వినిపించింది. నేనైతే మంచం కిందనుంచి పాకి పోగలను. అమ్మ పోలేదు. వెనక్కి చూస్తే నుయ్యి, పాక, మూడు గోడలు. ఇంతకాలం నేను తలలో మోస్తున్న భయమంతా అక్కడ, పగటివెలుగులో, అందరి ముందూ ఇరుక్కుపోయి నిలబడింది.

"వీధిలో జనం సూస్తన్నారే అమ్మా" అన్నాడు పెదనాన్న.

"సూడనీ. నా సంగతి ఒగ్గీండి. నాను సచ్చినాక ఎలాగోలాగ ఈడ్సుకుపోతారు. ఎనకాల కడుపుతో ఆ పిల్ల ఉన్నాది సూడండి. దానికి నెప్పులొస్తే ఏ దారంట తీసుకెల్తారు? గోడ మీదంటా?"

నాయనమ్మ గొంతు పెంచింది. "ఈ మూడడుగులు సాలన్నోడు ఎవుడ్రా?"

ఇక పెదనాన్న పని అయిపోయిందని నేను లోలోపల సంతోషపడ్డాను. ఆయన మాత్రం తల దించుకోలేదు. మంచం మీంచి వెనక్కి తిరిగి నాన్న వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. చెప్పకుండా ఉండాలని ఆయన పడుతున్న ప్రయత్నం నాకు కనిపించింది.

"నానేనమ్మా" అన్నాడు నాన్న. "అన్నయ్య అయిదడుగులన్నాడు. నానే మూడు సాలని పట్టుబట్టినాను. ముందు వాటా నాకే వస్తాదనుకున్నాను."

నా ముందు నిలబడిన నాన్న వీపు చూస్తూ ఉండిపోయాను. ఆ మూటలు ఒక్కోటీ మోసుకురావడం, విసుక్కోకపోవడం, ఆ మౌనం, అంతా ఒక్కసారిగా వేరే అర్థంతో కనిపించింది. అది మెత్తదనం కాదు, తను గీసిన గీతలో తనే ఇరుక్కుని ఎవరికీ చెప్పుకోలేకపోవడం. పెళ్లాం పక్కకు తిరిగి నడుస్తుంటే చూస్తూ ఆ మనిషి ఎలా అన్నం తిన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

పెదనాన్న మెల్లగా అన్నాడు. "నానూ తక్కువోణ్ణి కాదమ్మా. సీటీ తీసినాక అయిదడుగులూ ఒగ్గీసుండొచ్చు. ఈడి మాట ఈడికే తగలనీ అని ఊరుకున్నాను."

"ఇద్దరూ ఇద్దరే" అని నాయనమ్మ లేచి కూర్చుంది. నడుంనొప్పి మనిషి అంత చురుగ్గా మంచం దిగడం వీధివాళ్లంతా చూసి నవ్వారు. ఆమె నవ్వలేదు. నన్ను దగ్గరకు లాక్కుని, నూనె రాసిన చెయ్యి పట్టుకుని, కొడుకులిద్దరికీ చూపించింది. "సీటీ తీసిన సెయ్యిదేటి తప్పు? గీత గీసినపుడు ఎనక వాటా మనకే వస్తాదని గియ్యాల. ఒకడు ముందు వాటా మీద కన్నేసి గీసినాడు, ఒకడు అది సేతికొచ్చినాక ఊరుకున్నాడు. ఈ గుంట సెయ్యి గీకీసుకుంటన్నాది."

ఆ రోజే మేస్త్రీని పిలిచి కొత్త గోడ దింపించారు. పెదనాన్న వదిలిన రెండడుగులకు బదులు నాన్న పెరట్లో కొంత జాగా ఆయనకిచ్చాడు. ఆయన వద్దంటాడేమో అనుకున్నాను. అనలేదు, తీసుకున్నాడు. పెద్దమ్మ ఊరుకునేది కాదు మరి. నెలన్నర తర్వాత అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మంచం అవసరమే రాలేదు. ఒక పక్క నాయనమ్మ, ఒక పక్క పెద్దమ్మ పట్టుకుంటే, ముగ్గురూ పక్కపక్కనే నడుచుకుంటూ సందు దాటి జట్కా ఎక్కారు. నాకు తమ్ముడు పుట్టాడు. పెదనాన్న తెచ్చిన మరమరాలు ఆ రోజు అడిగి మరీ తిన్నాను గానీ, అన్నాళ్లు ఎందుకు మొహం తిప్పుకున్నానో ఆయనకు చెప్పే ధైర్యం మాత్రం ఎప్పటికీ రాలేదు. ఆయన పోయే వరకూ రాలేదు. అది నా మనసులో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నేను అరసవల్లిలో ఉంటున్నాను. మా వీధిలో ఒక ఇంటి స్థలంలో మూడేసి ఇళ్లు లేస్తున్నాయి. ఈమధ్య మా స్థలం కూడా మా అబ్బాయి, అమ్మాయి పంచుకుంటామన్నారు. ఇంజనీరు ప్లాను గీసి ఫోనులో చూపించాడు. వెనక ఇంటికి దారి సరిగ్గా స్కూటర్ పట్టేంత ఉంది. మనవరాలి చేత చీటీ తీయిద్దామని సరదాపడ్డారు. నేను గట్టిగా కేకలేశాను. మా నాయనమ్మంత ఉపాయం నాకు లేదు, నోరు మాత్రం ఉంది. ఇద్దరినీ కూర్చోబెట్టి, వెనక ఇల్లు నీదే అనుకుని దారి గియ్యమని విడివిడిగా చెప్పాను. ఇద్దరూ గీసిన దారులు ఇంజనీరు గీసినదానికి రెట్టింపు వచ్చాయి.

ఇది వాళ్లకు నేర్పడం తేలికే. నా విషయంలోనే కష్టం. అత్తవారింట్లోనూ, ఉద్యోగంలోనూ, పిల్లలతోనూ, ఎదుటివాళ్లే నా దారి మూసేశారని నేను ఉక్కిరిబిక్కిరైన రోజులు చాలా ఉన్నాయి. నిజంగా వాళ్లే మూసినవి కూడా ఉన్నాయి. కానీ ఆ మాట నోటిదాకా వచ్చిన ప్రతిసారీ, చెమటతో తడిసిన ఆ వీపు కనిపిస్తుంది, "నానేనమ్మా" అన్న మా నాన్న గొంతు వినిపిస్తుంది. అప్పుడు నోరు మూసుకుని, ముందు నా మూడడుగులు ఎక్కడున్నాయో వెతుక్కుంటాను.