బావ తట్టి తెచ్చిన యాక్సిల్

గోదావరి పొంగి పారుతుంటే బండితో అడ్డంగా దాటిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే అని మా మనవలకు చాలాకాలం చెప్పాను. పెద్ద మనవరాలు బడిలో పటం చూసి వచ్చి గట్టిగా నిలదీశాక, అది గోదావరి కాదు, గోదావరిలో కలిసే ఒక వాగు అని ఒప్పుకున్నాను. ఇంకోసారి నిలదీస్తే నీళ్లు మోకాలి దాకానే ఉన్నాయని కూడా చెప్పాల్సి వచ్చింది. బురద దగ్గర మాత్రం నేను ఒక్క వేలు కూడా తగ్గను. ఆ బురద నిజం.

డెబ్బైల మొదట్లో సంగతి. గోదావరిఖని, మందమర్రి చుట్టుపక్కల కొత్త గనులు లేస్తున్న రోజులు. వాగు అవతల అడవిలో, బొగ్గు ఎంత లోతున ఉందో చూడటానికి భూమికి బోర్లు వేసే క్యాంపు ఒకటి పెట్టారు. వాళ్లకు బియ్యం, డీజిలు, ఇనుప పైపులు ఇటునుంచే పోవాలి. ఎండాకాలం ఏ లారీ అయినా పోతుంది. వాన పడిందంటే ఆ నల్లరేగడిలో ఎడ్లబండి కూడా కూరుకుపోతుంది. క్యాంపు ఆఫీసరు ఒకటే మాట చెప్పాడు: మొదటి పెద్ద వానకు సామాను దాటించిన బండికే ఏడాది పొడుగునా పని.

నా దగ్గర ఒక పాత మిలిటరీ పికప్ ఉండేది, వేలంలో కొన్నది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ ఇంజను బలం అందే బండి. నా సొంత కష్టంతో కొన్నానని చెప్పుకునేవాణ్ణి. మా ఆవిడ పాడిబర్రెను అమ్మి కొన్నాం. కష్టం బర్రెది, బర్రెకు గడ్డి కోసిన మా ఆవిడది.

అందుకే ఆమె షరతు పెట్టింది. "గీ వానకాలం బండి వాగు దాటితె సరే. దాటకుంటె మా అన్న మాట్లాడిన కొలువుల చేరాలె. బర్రె వాయె. బండి బురదల నిలవడితె పిల్లలకు ఏం పెడుదమయ్యా?"

వాళ్ల అన్న, అంటే మా బావ, గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. బొగ్గు తట్టలకెత్తే పని నాకోసం అడిగి పెట్టాడు. గని పని నాకు సరిపడదు, నాది స్వేచ్ఛాజీవి తత్వం అని బజారులో చెప్పేవాణ్ణి. తత్వం లేదు, గిత్వం లేదు. భయం. ఒకసారి బావ వెంట లోపలికి దిగి, వెనక్కి చూస్తే గని నోరు గోరంత వెలుతురై కనిపించింది. నా కాళ్లు నన్ను అడగకుండానే పైకి వచ్చేశాయి. ఆ సంగతి బావ ఎవరికీ చెప్పలేదు. "ఇంటికి ఒక్కడన్న ఎండల బతకాలె బావా" అని మాత్రం అన్నాడు. మాది బావా అంటే బావా అనుకునే చుట్టరికం.

తొలకరి జల్లుకే నా బండి ఇంటి వెనక పొలంలో కూరుకుపోయింది. ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం బురద చిమ్ముతూ గిరగిర తిరుగుతున్నాయి. మిగిలిన రెండూ పెళ్లికి వచ్చిన చుట్టాల్లా కదలకుండా చూస్తున్నాయి. నేనూ బావా కలిసి బండిని మందమర్రి బజారులో సాయిబు మిస్త్రీ షెడ్డుకు తీసుకుపోయాం. ఆయన్ను అందరం చాచా అనేవాళ్లం.

"నాలుగు చక్రాల బలమని కొన్న చాచా. రెండే తిరుగుతున్నయేంది?" అన్నాను.

చాచా వెనక యాక్సిల్ నడుమ ఉన్న గుండ్రటి ఇనుప డొప్పను కాలితో తన్నాడు. "దీన్లున్నది డిఫరెన్షియల్. మూలమలుపుల బండి మర్లేటప్పుడు బయటి చక్రం ఎక్కువ తిరగాలె, లోపలిది తక్కువ తిరగాలె. గందుకు పెట్టిండ్రు. రోడ్డు మీద మంచిదే. బురదల మాత్రం బేవకూఫ్. కష్టపడేటోనికి పెట్టది, ఉత్తగ తిరిగేటోనికే పెడ్తది."

"గనిల మా మీద పెత్తనం చేసే ఓవర్‌మన్ అసొంటిదన్నట్టు" అన్నాడు బావ.

"దీనికి లాకు పడాలె. లాకు పడితె రెండు చక్రాలు ఒక్కటైతయ్, ఒకటి తిరిగితె రెండోది తిరగక తప్పది" అన్నాడు చాచా. "మూడు తీర్లున్నయి. తనంత తాను పడేది ఒకటి. అది మర్లేటప్పుడు టక్కున ఇడుస్తది, టక్కున పడ్తది, బండి అటిటు గుంజుతది. చేతితోని గుంజేది రెండోది. బురద రాంగనె లివర్ గుంజు, రోడ్డు రాంగనె ఇడువు. మూడోది నేను చేసేది. లోపలి పండ్ల చక్రాలను వెల్డింగ్ కొట్టి పారేస్త. ఇగ జన్మల ఇడువది. బురదల పులి. రోడ్డు మీద మర్లితె టైర్లు ఏడుస్తయ్, గట్టిగ తిప్పితె యాక్సిల్ ఇరుగుతది."

"ముందటికా, వెనకకా?"

"ముందట లాకు పడితె స్టీరింగు నీ మాట ఇనది. వెనకకే."

ఎంతో ఆలోచించి, నేల తీరు, బరువు తీరు చూసుకుని చేతి లాకునే ఎంచుకున్నానని తర్వాత నలుగురికీ చెప్పాను. నిజం చెబితే ఆ లివర్ మీద మనసు పడింది. స్టీరింగు పక్కన అందరికీ ఉన్నవి కాక ఇంకో లివర్! అది గుంజుతుంటే చూసేవాళ్ల కళ్లు ఎలా ఉంటాయోనని అప్పుడే ఊహించుకున్నాను.

అలాంటి లాకు ఉన్న యాక్సిల్ కావాలంటే హైదరాబాదులో పాత మిలిటరీ సామాను అమ్మే యార్డుకు పోవాలి. చాచాకు రావడం కుదరలేదు. "మూత ఇప్పి సూడుండ్రి. పండ్ల చక్రాల పక్కపొంటి కడెం అసొంటిది ఉంటది, అదే లాకు. అది లేకుంటె తేకుండ్రి" అని చెప్పి పంపాడు. బావ డ్యూటీకి సెలవు పెట్టి నా వెంట వచ్చాడు.

యార్డులో మా బండికి సరిపోయే యాక్సిళ్లు మూడు వరసగా పడున్నాయి. మూడింటికీ లివర్ తగిలించే కొక్కెం ఉంది. మూత విప్పమంటే యార్డు ఆయన బోల్టులు చూపించాడు. తుప్పు పట్టి ఒకటైపోయాయి. "ఇప్పాలంటె పొద్దుగూకుతది. కొంటె కొనుండ్రి" అన్నాడు. మాకు రైలు ఉంది.

"మూత ఇప్పే పని లేదు. నేను సూస్త కద" అన్నాడు బావ. పక్కన పడున్న ఇనుప కడ్డీ తీసుకున్నాడు.

గనిలో మా బావలాంటి వాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఎక్కడ నిలబడాలన్నా ముందు కర్రతో తల మీది బండను తట్టి వింటారు. ఖంగుమంటే బండ గట్టిగా ఉన్నట్టు. బద్దుమంటే పైన పొర విడిచి సందు పడినట్టు, అక్కడ క్షణం నిలవకూడదు. అది చేతికి పట్టిన అలవాటు. కుండలు కొన్నా తట్టేవాడు, గుమ్మడికాయ కొన్నా తట్టేవాడు. పెళ్లిచూపుల నాడు నా వీపు మీద కూడా రెండు దెబ్బలు వేశాడు. ప్రేమ అనుకున్నాను.

మొదటి యాక్సిల్‌ను తట్టాడు. బద్దుమంది. రెండోదీ అంతే. మూడోది ఖణేలుమని గుడిగంటలా మోగింది.

"ఇదే! లోపల కల్తీ లేదు. గా రెండిట్ల సందున్నది. ఇన్నవా?"

"విన్న" అన్నాను గంభీరంగా. నాకేం వినిపించలేదు. నా చెవుల్లో అప్పటికే రైలు కూస్తోంది.

యాక్సిల్‌ను గూడ్సులో వేయించి తెచ్చాం. చాచా బోల్టులకు నూనె పోసి, వేడిచేసి, మధ్యాహ్నానికి మూత విప్పాడు. లోపలికి చూసి, మా ఇద్దరినీ చూసి, మళ్లీ లోపలికి చూశాడు. పండ్ల చక్రాలు తళతళ మెరుస్తున్నాయి. చుక్క గ్రీజు లేదు. కడెం లేదు. లాకు భాగాలన్నీ ఎవరో ఎప్పుడో విప్పుకుపోయారు.

"ఎట్ల సూసి తెచ్చిండ్రుర భై?"

"తట్టి తెచ్చినం చాచా" అన్నాడు బావ.

"తట్టి?"

"మోగింది. మోగితె గట్టి కద."

"అరె, అది బండ! ఇది డబ్బ! డబ్బ ఖాళీగుంటె మోగుతది, గ్రీజు నిండుగుంటె బద్దుమంటది. మంచియి రెండు అక్కడ్నే పెట్టి ఖాళీదాన్ని మోసుకచ్చిండ్రు!" చాచా నవ్వు ఆపుకోలేక షెడ్డు గుంజ పట్టుకున్నాడు.

నేనూ నవ్వాను, కానీ బావ ముఖం చూసి ఆపేశాను. ఆయన ఒక పాత టైరు మీద కూలబడి తన చేతిని చూసుకుంటున్నాడు. రోజూ ఆ చప్పుడును నమ్మి ఆయన ప్రాణంతో ఇంటికి వస్తున్నాడు. పక్కవాళ్లను తెస్తున్నాడు. అది మొదటిసారి ఆయనకు అబద్ధం చెప్పింది.

"నీ బతుకు ఆగం చేసిన బావా" అన్నాడు.

"నేను కూడ విన్న కద" అన్నాను. ఇది ఎందుకో ఇప్పటికీ వెనక్కి తీసుకోవాలనిపించని అబద్ధం.

కాసిపేట దిక్కున మబ్బు దిగుతోంది. మళ్లీ హైదరాబాదు పోవడానికి వ్యవధి లేదు, అమ్మడానికి ఇంకో బర్రె లేదు. చాచా నవ్వు తుడుచుకుని, గుడ్డతో ఆ పండ్ల చక్రాలను రుద్ది చూశాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. గ్రీజు లేదు, లోపల తుప్పు లేదు. వెల్డింగ్ పట్టాలంటె గింతకన్న మంచి సామాను దొరకది. నీ బండిది ముట్టను. దీన్ని వెల్డింగ్ కొట్టి వానకాలం ఎక్కిద్దం. ఎండాకాలం పాతదే ఎక్కిద్దం. తిరిగి తిరిగి మూడో తీరుకే అచ్చినం."

"మరి లివర్?" అన్నాను.

"కావాలంటె ఒకటి పెడ్త. ఊకె గుంజుకో."

వద్దన్నాను. వెంటనే కాదు, కొంత ఆలోచించి వద్దన్నాను.

నాలుగు రోజులకు పెద్ద వాన పడింది. తెల్లవారి తెరిపి ఇవ్వగానే బియ్యం బస్తాలు, డీజిలు పీపాలు ఎక్కించాం. బావకు మధ్యాహ్నం సెకండ్ షిఫ్టు ఉన్నా బస్తాల మీద ఎక్కి కూర్చున్నాడు. మా వాడ దాటేదాకా ప్రతి మలుపులో టైర్లు పిల్లిని తొక్కినట్టు అరిచాయి. ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చి చూశారు. మా ఆవిడ కూడా గడపలో నిలబడి ఉంది.

వాగు నీళ్లు సులువుగానే దాటాం. అవతలి ఒడ్డు అసలు పరీక్ష. ఏటవాలు, నల్లటి మెత్తటి బురద. సగం ఎక్కాక ముందు చక్రం ఒకటి ఉత్తగా తిరగడం మొదలుపెట్టింది. బండి ఆగింది. నేను ధైర్యంగా గేరు మార్చానని రాయాలని ఉంది. కళ్లు మూసుకున్నాను. గని నోట్లోని ఆ గోరంత వెలుతురు కనిపించింది. కాలు మాత్రం తొక్కుతూనే ఉంది.

"తిరుగుతున్నయి బావా! రెండూ తిరుగుతున్నయి! ఇడువకు!" వెనకనుంచి బావ కేక.

వెనక చక్రాలు రెండూ జోడెడ్లలా ఒక్కసారే బురదను పట్టాయి. బండి మూలుగుతూ, పాకుతూ, ఒక్కసారిగా ఒడ్డెక్కింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా క్యాంపు. దారి కుడికి తిరగాలి. నేను స్టీరింగు తిప్పాను. వెనక చక్రాలు రెండూ ఒక్కటై ముందుకే నెట్టాయి. బండి తిన్నగా పోయి వంటపందిరిని తలమీద వేసుకుని, పప్పు గుండిగకు జానెడు దూరంలో ఆగింది.

ఆఫీసరు కోస్తా వైపు ఆయన. కంచంతో బయటికి వచ్చాడు. పందిరిని, బండిని, పొడిగా ఉన్న బియ్యం బస్తాలను వరసగా చూశాడు.

"వాగు దాటే బండి కావాలన్నానండీ. వంటిల్లు దాటమన్నానా?"

"అది ఇడువది సార్, అసలు ఇడువది" అన్నాడు బావ సంతోషం పట్టలేక.

"సరే, సరే. రేపటినుంచి రండి. పందిరి మాత్రం మీరే వేసి పొండి."

పందిరి వేసి, వాగు దాటి తిరిగి వచ్చేసరికి బావ షిఫ్టుకు వేళయింది. గని గేటు ముందు ఆపాను. బావ దిగి లోపలికి పోయి, ఆఫీసు కిటికీ దగ్గర తల వంచి ఏదో చెప్పాడు. బయటికి వచ్చి తలుపు మీద చెయ్యి వేశాడు.

"చెప్పిన. మా బావ రాడు, ఆ కొలువు ఇంకెవనికన్న ఇయ్యుండ్రి అన్న. ఇగ నువ్ ఇంటికి పో. చెల్లె ఎదురుసూస్తుంటది."

పోదామంటే గేటు ముందు జాగా చాలదు. బండి అంత చిన్న చోట మలుపు తిరగదు. షిఫ్టుకు దిగబోతున్న మనుషులు తలదీపాలు, సద్ది గిన్నెలు నేల మీద పెట్టి వచ్చారు. "ఏందన్నా, గీ ముసలి బర్రె మెడ తిప్పదా?" అని ఒకడు, "కొత్త పెళ్లికొడుకు లెక్క గుంజుకపోవాలె దీన్ని!" అని ఇంకొకడు. అందరూ వెనక్కి చేరి భుజాలు ఆనించి, బండి తోకను ఎత్తి ఎత్తి పక్కకు జరిపారు. బావ కూడా వాళ్ల నడుమ ఉన్నాడు. బండి ముక్కు ఇంటి దిక్కు తిరిగాక వాళ్లంతా చేతులు దులుపుకుని, గిన్నెలు తీసుకుని, నవ్వుకుంటూ గని లోపలికి నడిచారు. నేను ఇంజను తిప్పాను. ఎండ వచ్చింది.