బనగానపల్లె ఎర్ర సిరా

ఆ రోజుల్లో కొత్తగా కాపురానికి వచ్చిన ఆడపిల్లలు ఆడబిడ్డ జడను చూసో, తోడికోడలి నగను చూసో కుళ్లుకునేవాళ్లు. అది సహజమే అనుకుంటాను. నాకు మాత్రం అరవై ఏళ్లు దాటిన, నేనెన్నడూ చూడని, బనగానపల్లెలో ఉద్యోగం చాలించి ఇంట్లో కూర్చున్న ఒక టీచరమ్మ మీద, ముఖ్యంగా ఆమె కలంలోని ఎర్ర సిరా మీద, అన్నం సహించనంత అసూయ కలిగింది. ఇప్పుడు ఒళ్లో బిడ్డ నిద్రపోతుంటే, ఈ నిద్ర ఎంతసేపుంటుందోనన్న బెంగతో గబగబా ఇది రాస్తున్నాను. నవ్వొస్తోంది గాని, అప్పట్లో నవ్వే సంగతి కాదది.

మా ఆయన మద్రాసులో ఒక పెద్ద దినపత్రికలో పనిచేస్తూ, యజమాని తీసెయ్యమన్న నాలుగు వాక్యాలు తీసెయ్యనని వాదించి, ఆ సాయంత్రమే రైలెక్కి కర్నూలు వచ్చేసిన మనిషి. అప్పుడే కర్నూలు రాజధాని అయింది. గుడారాల్లో సర్కారు కచేరీలు నడుస్తుండేవి, ఏ సందులో చూసినా ఫైళ్లు పట్టుకుని ఇల్లు వెతుక్కునే గుమాస్తాలే. ఆ సందట్లో ఈయన కాలితో తొక్కి నడిపే పాత ట్రెడిల్ అచ్చుయంత్రం ఒకటి సంపాదించి, ఇంటి ముందు గదిలోనే పెట్టి, సొంతంగా వారపత్రిక మొదలుపెట్టాడు. సంపాదకుడు, ప్రచురణకర్త, రాజధాని ప్రత్యేక ప్రతినిధి, ఆలూరు విలేఖరి, మంత్రాలయం విలేఖరి అందరూ ఆయనే. (ఇంతమందికీ కలిపి వంట చేసేది మాత్రం నేనొక్కదాన్నే.) మీ వార్త తప్పు, సవరణ వెయ్యమని ఎంత పెద్ద మనిషి వచ్చి గద్దించినా, "తప్పని చూపించప్పా, ఈ పొద్దే వేస్తా" అనేవాడు. పత్రిక పెట్టినప్పటి నుంచి ఎవరూ చూపించలేకపోయారు. ఒక్క సవరణ కూడా వెయ్యలేదన్నదే ఆయన ఆస్తి.

ప్రతి శనివారం యంత్రం మీద నుంచి మొదటి ప్రతి, ఇంకా తడి ఆరకముందే, ఆయనే మడిచి, ఆయనే చిరునామా రాసి, ఆయనే తపాలాలో వేసి వచ్చేవాడు. అది బనగానపల్లెకు పోయేది. ఆ టీచరమ్మ ఆయనకు నాలుగో తరగతిలో పాఠం చెప్పిందట. బుధవారానికల్లా అదే ప్రతి ఎర్ర సిరాతో దద్దుర్లు పోసినట్టు తిరిగొచ్చేది. తప్పులు దిద్దడంతో ఆగక, అంచుల్లో ఏవేవో రాసేది ఆమె. "ఈ వాక్యం మధ్యలో ఊపిరి యాడ తీసుకోవల్ల?" అని ఒకసారి. "ఎవరికి భయపడి ఈ మాట మెత్తగా రాసినావు?" అని ఇంకోసారి. మా ఆయన అది చదివి ఒక్కడే పకపకా నవ్వేవాడు. నేను వేడివేడిగా బొరుగుల ఉగ్గాని, బజ్జీలు ముందు పెడితే అవి చల్లారిపోయేవి. నేనూ కడప నుంచి వచ్చిన బి.ఏ.నే. నాకూ రెండు మూడు చమత్కారాలు వచ్చు. వాటికి ఆయన "ఊఁ" అనేవాడు. ఆ కాగితాలు మాత్రం తన చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. (ఉతకబోయే ముందు జేబులు వెతికే పని నాది కనుక నాకు తెలుసు.)

ఆమె పని ఆమెకు లేకుండా చెయ్యాలనే దుర్బుద్ధి ఒక బుధవారం పుట్టింది. "ప్రూఫులు నేను చూస్తాను" అన్నాను. "నీకెందుకే ఈ మసి" అన్నాడు ఆయన, ఆ ఎర్ర అక్షరాల మీద నుంచి తల ఎత్తకుండానే. "చూస్తే మీకేం నష్టం?" అంటే, "చూడు పో" అన్నాడు. అంతే, ఉద్యోగం దొరికింది. మా కంపోజిటరు ముసలాయన ఒకాయన ఉండేవాడు, అందరం సాయిబు అనే పిలిచేవాళ్లం. ఆయన పేర్చిన అక్షరాల మీద సిరా రాసి, కాగితం అద్ది ఇచ్చిన పొడుగాటి ప్రూఫులను నేను పొయ్యి దగ్గర కూర్చుని చదివేదాన్ని. పైనుంచి చదివితే వార్తలో పడి తప్పు దాటిపోతుందని కిందనుంచి పైకి, పంక్తి పంక్తీ చదివేదాన్ని. ఎన్ని చారు గిన్నెలు మాడాయో లెక్కలేదు. మొదటి వారం ఎర్ర గుర్తులు సగమయ్యాయి. మూడో వారం రెండే. అయిదో వారం ఒక్క తప్పూ లేని పత్రిక బనగానపల్లెకు పోయింది.

బుధవారం తపాలా రాలేదు. ఆ పై బుధవారమూ రాలేదు. నేను లోపల గంతులేస్తూ ఉగ్గాని వండాను. ఆయన వేడిగా ఉండగానే తిన్నాడు గాని, ఏం తిన్నాడో ఆయనకే తెలియదు. వీధి వాకిట్లో నిలబడి తపాలా బంట్రోతు వచ్చే దిక్కే చూసేవాడు. సంపాదకీయాలు చప్పబడ్డాయి. ఒక రోడ్డు కంట్రాక్టు గురించి రాస్తూ "అధికారులు ఆలోచించగలరని ఆశిస్తున్నాం" అని ముగించాడు. నేనే తెల్లబోయాను. ఆశించడం మా ఇంటా వంటా లేదు. ఎవరికి భయపడి రాసినావని అడగాలనిపించింది. అడిగే చేతికి సిరా లేకుండా చేసింది నేనేనని అప్పుడు తోచింది.

ఒక తప్పు పంపితే ఆమె మళ్లీ రాస్తుందనుకున్నాను. చిన్న తప్పయితే ముసలి కళ్లకు ఆనదేమోనని పెద్దదే ఎంచుకున్నాను. ఆ వారం ఒకే పుటలో రెండు వార్తలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి మంత్రాలయంలో యాత్రికుల రద్దీ, రెండోది బనగానపల్లె మామిడి తోటల సంగతి. రెండింటి శీర్షికలూ అటూ ఇటూ మార్చమని ప్రూఫు మీద బాణాలు గీశాను. సాయిబు కళ్లద్దాలు పైకి తోసి, "ఇది అయ్య చూసినాడామ్మా?" అన్నాడు. "చూశారు" అన్నాను. అంత తడుముకోకుండా అబద్ధం ఆడగలనని అంతవరకు నాకూ తెలియదు.

ఆదివారం పొద్దున్నే మంత్రాలయంలో యాత్రికులకు సత్రం నడిపే ఆసామి, ఎనిమిదింటికల్లా కర్నూల్లో దిగి మా వాకిట్లో నిలబడ్డాడు. చేతిలో పత్రిక. యాత్రికుల వార్త మీద పెద్ద అక్షరాల్లో "పురుగు పట్టింది, ఈ ఏడు పలుచనే" అని ఉంది. మామిడి వార్త మీద "తడి బట్టలతో బారులు తీరిన భక్తులు" అని ఉంది.

"ఏమప్పా ఎడిటరూ, మా యాత్రికులకు పురుగు పట్టిందా? యాడ పట్టిందో చూపియ్యి. మా సత్రంలో చాపలు దులిపి చూసి వచ్చినా, ఒక్కటీ కనపడలా" అన్నాడు.

మా ఆయన పత్రిక చూశాడు. రెండు వార్తలూ కింద దాకా చదివాడు. "తప్పే. సవరణ వేస్తా" అన్నాడు చివరకు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం నేను తలుపు వెనక నుంచి చూశాను. చూడకుండా ఉండవలసింది. తర్వాత సాయిబును పిలిచి, "ఇట్ల ఎట్ల జరిగె సాయిబూ?" అన్నాడు. సాయిబు నా వైపు చూడనైనా చూడలేదు. "వయసైపాయ కదయ్యా, చెయ్యి తప్పినట్టుండాది" అన్నాడు. ఇంక ఆ చేతికి విశ్రాంతి ఇస్తే మంచిదేమోనని మా ఆయన గొణుక్కోవడం నాకు వినిపించింది. ఆ రెండు రోజులు నేను ఏం వండానో, ఎవరు తిన్నారో జ్ఞాపకం లేదు. చెప్పాలని వెళ్లడం, నీళ్లు కావాలా అని అడిగి తిరిగి రావడం.

మంగళవారం బనగానపల్లె బస్సు దిగి ఒక పొట్టి ముసలావిడ, గొడుగు, చేతిసంచితో ప్రెస్సులోకి వచ్చింది. మా ఆయన చటుక్కున లేచి నిలబడ్డాడు. నాలుగో తరగతిలో నిలబడ్డట్టే.

"కూర్చోరా. ప్రూఫులు చూస్తాదని జాబులో రాసినావే, ఆ పిల్ల యాడ?" అంది.

నేను ముందుకు వచ్చాను. పైనుంచి కిందికి చూసింది. "నువ్వేనా? శానా బాగా చూస్తాండావమ్మా. తప్పు పట్టే పని తప్ప నాకింకేం మిగిల్లేదు, అదీ తీసేసుకుంటివి. ఈ మూడు వారాలూ నిన్ను తిట్టుకోని దినం లేదు, చెప్తే సిగ్గు గానీ" అంది. కర్నూల్లో నేను ఆమెను తిట్టుకుంటుంటే, బనగానపల్లెలో ఆమె నన్ను తిట్టుకుంటోందన్న మాట.

ఆమె సంచిలోంచి పత్రిక తీసి బల్ల మీద పరిచింది. అందులో ఎర్ర సిరా లేదు. "నలభై ఏండ్లు పిల్లోళ్ల పలకలు చూసినా. జరిగిన తప్పు ఒక తీరుగా ఉంటాది, చేసిన తప్పు ఇంకో తీరుగా ఉంటాది. ఇది చేతులు కడుక్కోని కూర్చోని చేసిన తప్పు. ఎవరు చేసినారు?"

"నా చెయ్యే తల్లీ" అన్నాడు మూలనుంచి సాయిబు.

"నీది కాదులే సాయిబూ. వారం వారం చూస్తాండా, నీ చెయ్యి నాకు తెల్దా?"

"నేను" అన్నాను. ఎందుకని ఎవరూ అడగకముందే అంతా చెప్పేశాను. జేబులో కాగితాలు, చల్లారిన ఉగ్గాని, ఆశించిన సంపాదకీయం, అన్నీ. సాయిబు అక్షరాల పెట్టె వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు. మా ఆయన మొదట సాయిబు దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత నా ముందు ఒక తెల్ల కాగితం, కలం పెట్టి, "సవరణ నువ్వే రాయి" అన్నాడు.

అచ్చులో వచ్చిన నా మొదటి రచన అదే, అయిదు పంక్తుల క్షమాపణ. ఆ శనివారం మొదటి ప్రతిని తడితడిగా ఆయన నా చేతికి ఇచ్చాడు. ఇన్నాళ్లూ దేనికోసం ఇంత అఘాయిత్యం చేశానో అది చేతిలో ఉంది. నేనే మడిచి, చిరునామా రాసి బనగానపల్లెకు పంపాను. బుధవారం తిరిగొచ్చింది. నా అయిదు పంక్తుల్లో మూడు ఎర్ర గుర్తులు. అంచున, "క్షమాపణ ఇంత పొగరుగా రాయగూడదు" అని ఉంది. మా ఆయన పకపకా నవ్వాడు. ఈసారి నేనూ చదివే నవ్వాను.

రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలతో పాటు పెద్ద పత్రికల వాళ్లూ పోయారు. మేం ఇక్కడే ఉన్నాం. టీచరమ్మ పోయిన ఏడు కాలం చేసింది. ఆమె సిరాబుడ్డి ఇప్పుడు నా బల్ల మీద ఉంది. (ఒళ్లోని మహారాణికి అందకుండా పైన పెట్టాలి. తాగేస్తుందేమోనని నా భయం.) పోయిన వారం కడప నుంచి ఎవరో కాలేజీ పిల్ల, మా పత్రికలో రెండు తప్పులున్నాయని, ఒక వాక్యానికి తల ఉంది గాని కాళ్లు లేవని కార్డు రాసింది. అది చదివి మా ఆయన నవ్విన నవ్వు వంటింట్లోకి వినిపించింది. నేను పాలగిన్నె కాస్త గట్టిగానే దించాను. కార్డు ఆయన చొక్కా జేబులో ఉంది, చూశాను. చురుకైన పిల్లే. శనివారం మొదటి ప్రతి ఆ అమ్మాయికి పంపమని ఆయనకు చెప్పాలి. చెబుతాను. ఈ శనివారం కాదులెండి.