పుట్టిలో ఎదుటి తావు

2022లో, వానలు గట్టిగా పడి పరగోడు దగ్గర చిత్రావతి డ్యామ్ నిండిన రోజుల మాట ఇది. బాగేపల్లిలో నాకు బోరు మోటార్ల స్టార్టర్లు, ప్యానెల్ బోర్డులు రిపేరు చేసే అంగడి ఉంది. మా ఇంట్లో నాకు ముందు అందరూ పప్పులూ బెల్లమూ అమ్మినవాళ్ళే. ఎలక్ట్రానిక్స్‌లో డిగ్రీ చదివి నేనొక్కణ్ణి గ్రీజు పూసుకున్నాను. నా కస్టమర్లంతా నీళ్ళ కోసం వెయ్యి అడుగులు కిందికి పోయేవాళ్ళు. నీళ్ళ మీద తేలే కస్టమరు ఇన్నేళ్ళలో ఒక్కడే వచ్చాడు.

పేరు గంగులప్ప. అరవై దాటిన మనిషి, డ్యాములో చేపలు పట్టేవాడు. మంగళూరు పడవల్లో పనిచేసే బంధువు ఇచ్చాడని ఒక పాత ఫిష్ ఫైండర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"దీన్ని పుట్టికి తగిలించియ్యాలప్పా."

ఫిష్ ఫైండర్‌లో ఒకటి తెర, ఇంకొకటి నీళ్ళలో మునిగి ఉండే ట్రాన్స్‌డ్యూసర్. అది మన చెవికి అందని శబ్దాన్ని కిందికి పంపి, చేపకో నేలకో తగిలి తిరిగొచ్చినదాన్ని పట్టుకుంటుంది. దాన్ని ఎక్కడ బిగించామన్నదే అసలు సంగతి. దాని ముఖం కిందికి గాలి బుడగలు రాకూడదు, అది నిటారుగా కిందికే చూడాలి. పడవ వెనక గోడకు బిగించి, మోటారు రెక్కలకు దూరంగా ఉంచమని పుస్తకంలో బొమ్మలేసి చూపించారు. గంగులప్పది పుట్టి, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవ. దానికి ముందూ లేదు, వెనకా లేదు. మోటారు గంగులప్పే.

"ఇన్నాళ్ళూ లేంది ఇప్పుడెందుకప్పా?" అన్నాను.

"ముందు ఇద్దరం. నేను తెడ్డేస్తే నా పెండ్లాము వల ఇడిసేది. పోయినేడు పోయె. ఇప్పుడు ఒగన్నే ఏసి, ఒగన్నే లాగాల. దినానికి ఒగ తూరి కంటే చేతకాదు. ఆ ఒగ తూరి చేపలుండే తావున పడాల కదా."

"పడకపోతే?"

"పుట్టి అమ్మేసి తొండేభావికి పోవాల. మా అల్లునికి కోళ్ళ ఫారం ఉండాది, కాపలాకి రమ్మంటాండాడు." ఫైండర్‌ను నా వైపు జరిపి, "కోళ్ళతో నాకేం మాటలుండాయప్పా" అన్నాడు.

డ్యాము గట్టు మీద పుట్టిని పెట్టి చుట్టూ తిరిగి చూశాను. ఆయన కూర్చునే వైపు తెడ్డు గలాటా, బుడగలు. దానికి అన్నిటికన్నా దూరం ఎదుటి అంచు. అక్కడే వెదురు బద్దకు బ్రాకెట్ బిగించి, రసమట్టంతో నిలువు సరిచూసి, పరీక్షకు నేనూ ఎక్కాను. ఎదుటి అంచున, బ్రాకెట్ పక్కనే కూర్చున్నాను. తెర అద్దంలా ఉంది. నేల కనిపించింది, చేపలు వంకర గీతల్లా కనిపించాయి. గంగులప్ప వెళ్ళినంత దూరమూ, తిరిగొచ్చినంత దూరమూ మాట్లాడుతూనే ఉన్నాడు. వాగుడుకాయ అనుకున్నాను.

రెండు రోజులకే మళ్ళీ వచ్చాడు.

"నువ్వుంటే పని చేస్తాది, నువ్వు దిగితే చేసేల్లే. తెర నిండా చుక్కలే. డ్యామంతా చేపలేనా అప్పా?"

"కాదు. గాలి."

వెళ్ళి ఈసారి గట్టు మీదే నిలబడ్డాను. ఒక్కడే ఎక్కి తెడ్డు వేశాడు. పుట్టి ఆయన వైపుకు ఒరిగింది. ఎదుటి అంచు లేచింది, దాంతోపాటు నా ట్రాన్స్‌డ్యూసర్ కూడా సగం బయటికొచ్చి ఆకాశం గాలి పీలుస్తోంది. నేను పరీక్షించింది ఇద్దరు మనుషుల పుట్టిని. కస్టమరు ఒక్కడు.

చదువుకున్నవాణ్ణి కాబట్టి ఉపాయం వెంటనే తట్టింది. "ఎదురుగా ఒక ఇసుక మూట పెట్టుకో. సమంగా తేలుతుంది."

గంగులప్ప ఆ అంచు వైపు చూశాడు.

"మూట మాట్లాడతాదా?"

"మాట్లాడదు."

"అంతే మల్ల. ఆ తావు ఖాళీగా ఉంటే, ఆయమ్మ లేదులే అనుకుంటా. మూట మూతి ముడుచుకోని ఎదురుగా కూచుంటే ఇంకా బేజారు. నా పెండ్లాము కోపమొచ్చినా అంతసేపు మాట్లాడకుండా సుమ్మనె కూచునేది కాదప్పా."

దీనికి పుస్తకంలో బొమ్మ లేదు.

బ్రాకెట్ విప్పేశాను. ఆయన కుడిచేతి వాటం కనుక తెడ్డు పడని ఎడమ పక్కకు మార్చాను. ఈసారి గట్టు మీద కాదు. ఆయన్ని పుట్టిలో తన తావున కూర్చోబెట్టి, నడుము లోతు నీళ్ళలో నిలబడి, పుట్టి ఎంత ఒరిగిందో బ్రాకెట్‌ను అంత ఎదురు వంచి బిగించాను. చూసేవాళ్ళకు వంకర పని. ట్రాన్స్‌డ్యూసర్ మాత్రం నిటారుగా కిందికే చూస్తోంది. గంగులప్ప ఒక్కడే మధ్యదాకా వెళ్ళి, చెయ్యెత్తి ఊపాడు. నేనూ ఊపాను. తర్వాత చాలాసేపు అటువైపు నుంచి మాటలు వినిపించాయి, నాతో కాదు.

కొన్నాళ్ళకు అంగడికి వచ్చాడు. మా ఇళ్ళలో చేప తినరని తెలిసి, ఫోన్లో కట్ల చేప ఫోటో తెచ్చాడు. తొండేభావి సంగతి అడిగితే, "కోళ్ళు బాగుండాయంట" అన్నాడు.

అప్పటినుంచి ఏది బిగించడానికి పోయినా ముందు ఒకటి అడుగుతాను: దీని దగ్గర ఉండేది ఎవరు, ఎంతమంది? ఖాళీదానికి మట్టం చూసి లాభం లేదు. మనిషి కూర్చున్నాక ఎటు ఒరుగుతుందో చూసి, దానికి తగ్గట్టు బిగించాలి. అంగట్లో నేను కూడా ఒక్కణ్ణే ఉంటాను కనుక, ఇది ఇంతకుముందే తట్టి ఉండాల్సింది.

ఆ ఫోటో అడిగి నా ఫోన్లోకి వేయించుకున్నాను. చేప వెనక ఎదుటి అంచు కొంచెం పైకి లేచి, ఖాళీగా ఉంది.