ఇవాళ సూది ఎవరిది?

సోమవారం, ఆషాఢం. పొద్దుటి నుంచి ముసురు. గిర్ని బెల్టు తెగితే కొత్తది వేశాను.

రోజూ నా పుస్తకంలో ఇంతే రాస్తాను. ఇవాళ చదివేవాళ్ల కోసం నాలుగు మాటలు ఎక్కువ రాయాలి. మా పిండి గిర్నికి ఎదురుగా మాంసం దుకాణం నడిపిన చిచ్చా మొన్న గురువారం పోయాడు. మధ్యాహ్నం దుకాణం కడుక్కుని, కాసేపు కూర్చుందామని కూర్చున్నవాడు అట్లాగే ఒరిగిపోయాడట. ఆయన తమ్ముడు వచ్చి చెప్పినప్పుడు నేను పసుపు పడుతున్నాను. గిర్ని ఆపలేదు. సంచి అయ్యేదాకా పట్టి అప్పుడు పోయాను. ఎందుకు ఆపలేదో నాకు తెలుసు. ఎన్నో ఏళ్లుగా నాకు ఆయనంటే కుళ్లు.

మాది మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో చిన్న ఊరు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. గిర్నికీ దుకాణానికీ నడుమ ఉన్న చేతి బోరింగే ఎప్పుడైనా దిక్కు. మాంసం దుకాణం ముందు కుక్కలు ఉండనే ఉంటాయి. ఒకసారి వాటిలో ఒకటి ఊరి దర్జీని పిక్క మీద కరిచింది. ఇంటివాళ్లు గాయంలో కారం కొట్టి, గుడ్డ బిగించి కట్టి, చిచ్చా మీదికి కొట్లాటకు వచ్చారు. ఆయన కత్తి పక్కన పెట్టి, ఎదురు మాట అనకుండా దర్జీని ఆటో ఎక్కించాడు. ఆయనకు అక్షరం రాదు. నేనూ బడికి పోయినవాణ్ణి కాను గానీ, గిర్నికి వచ్చే సంచుల మీది రాతలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. కాగితాలు చదవడానికని నన్నూ ఎక్కించుకున్నాడు.

మేడ్చల్ దవాఖానలో ఆ కారం కడుగుతుంటే దర్జీ పెట్టిన కేకలు వరండాలోకి వినబడ్డాయి. అక్కడే గోడకు ఒక కాగితం ఉంది. కుక్క కరిచినా, పిల్లి గీరినా వెంటనే సబ్బు పెట్టి, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. కట్టు కట్టకూడదు. ఆ రోజే సూది వేయించుకోవాలి. చిచ్చా నాతో దాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు.

నెల తిరక్కుండానే పాలాయన ఇంటి కుక్క పక్కింటామెను కరిచింది. నేను గిర్ని దిగేలోపే చిచ్చా ఆమెను బోరింగు కింద కూర్చోబెట్టి, దుకాణంలో చేతులు కడుక్కునే సబ్బు తెచ్చి ఇచ్చాడు. పక్కన నిలబడి తిట్లు తింటున్న పాలాయన చేతికి బోరింగు పిడి అందించాడు. “కుక్క ఎవరిదో బోరింగు వాళ్లదే. కొట్టు” అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, “మున్షీ, టైం జూడు” అన్నాడు.

ఎప్పుడూ ఏదో రాసుకుంటూ ఉంటానని నాకు ఆయన పెట్టిన పేరు అది. గడియారం నా గిర్నిలో ఉంది. గోడ మీది మాట చదివింది నేను. టైం చూసేవాణ్ణి మాత్రమే అయ్యాను. పాలాయన చెమటలు కక్కుతూ పదమూడు నిమిషాలు కొట్టేసరికి ఆమె తిట్టడం మానేసి, “ఇగ జాలు తియ్యి, పాపం” అన్నది. చిచ్చా ఒప్పుకోలేదు. ఇంకా రెండు నిమిషాలున్నాయని నేనే చెప్పాను.

అప్పటి నుంచి అది ఊరి పద్ధతి అయింది. దిక్కులేని కుక్క కరిస్తే చిచ్చానే కొట్టేవాడు, నా దుకాణం తిండి తిన్నదే గదా అని. కరిచిన కుక్క మీదికి కర్రలతో పోయేవాళ్లను ఆపి, “కోపముంటే బోరింగు మీద జూపియ్యి” అనేవాడు. ఆ మాటకు అందరూ నవ్వేవారు. నేను చెప్పిన ఏ మాటకూ అట్లా నవ్వలేదు.

సూదులు నాలుగు. కరిచిన రోజున ఒకటి, అది పోను మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. గాయం మానిందంటే జనం తరువాతివి ఎగ్గొడతారు. చిచ్చా పొద్దున్నే గిర్ని అరుగు మీద చెయ్యి ఆనించి అడిగేవాడు: “మున్షీ, ఇవాళ సూది ఎవరిది?” నేను పుస్తకం తిప్పి చెప్పేవాణ్ణి. ఆయన పోయి వాళ్ల తలుపు కొట్టేవాడు. చిచ్చాకు ఎంత యాదో అని ఊరంతా అనేది. ఆయన దాచలేదు. “నాకేం యాది, అంతా మున్షీ పుస్తకంల ఉంటది” అని అందరికీ చెప్పాడు. అంత మంచివాడు గనుక అట్లా అంటున్నాడనుకున్నారు. దాంతో నా కడుపు మరింత మండింది.

ఎలుకల కోసం నేను గిర్నిలో పిల్లిని పెంచాను. అది ఈనినప్పుడు నా భార్య దాని కూనల్ని పక్కకు జరపబోతే ముంజేతి మీద గీరింది. సన్నటి గీత, రెండు నెత్తుటి చుక్కలు. ఆమె భయపడింది. గోడ మీది కాగితం అక్షరం పొల్లుపోకుండా వచ్చినవాణ్ణి నేను. అయినా నా చెయ్యి పసుపు డబ్బా మీదికే పోయింది. మా గిర్నిలో పట్టిన పసుపు. మందంగా అద్ది, ఏం కాదు, గోరే గదా అన్నాను.

చిచ్చా అటుగా వస్తూ ఆ పచ్చటి చెయ్యి చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆమెను మాత్రం, “అమ్మా, పన్ను పడ్డా గోరు పడ్డా ఒకటే, రా” అని బోరింగు దగ్గరికి పిలిచి, సబ్బు ఇచ్చి, నాకు పిడి చూపించాడు. పిల్లి నాది. కొట్టాను. నీళ్లతోపాటు నా పసుపు కాలువలోకి పోయింది. ఆ రోజు గడియారం చూసింది ఆయన. ముల్లు ఎక్కడికి వస్తే ఆపాలో అంతకుముందే నన్ను అడిగి తెలుసుకున్నాడు.

నాలుగో సూది వేయించుకుని వచ్చిన రోజు నా భార్య అన్నది, “చిచ్చాకు తారీఖులన్నీ నోటికున్నయి.” ఆ తారీఖులు రాసిన పుస్తకం ఆమె పక్కనే ఉంది.

పోయిన సోమవారం ఇడ్లీ బండి అవ్వను వీధి కుక్క మడమ మీద కరిచింది. చిచ్చానే బోరింగు కొట్టాడు. నడుమ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. నేను టైం చూస్తూ ఉండిపోయాను, పిడి అందుకోలేదు. గురువారం పొద్దున రెండో సూదికి ఆమెను తలుపు కొట్టి తీసుకుపోయాడు. ఆయన ఒకరి తలుపు కొట్టడం అదే ఆఖరు. శుక్రవారం ఆయన ఇంటి ముందు అవ్వ ఏడుస్తూ, “పిలిచేటోడే పాయె, నేనేం బోత ఇగ” అన్నది. పక్కనున్నవాళ్లు కూడా మానింది గదా, చాల్లే అన్నారు. నేను అక్కడే ఉన్నాను. ఎప్పటిలాగే నోరు విప్పలేదు.

ఇవాళ ఏడో రోజు. పుస్తకంలో నా చేతి రాతే ఉంది: ఇడ్లీ బండి అవ్వ, మూడో సూది. తొమ్మిదయింది. అరుగు మీద చెయ్యి ఆనించి అడిగేవాళ్లు లేరు. ఇన్నేళ్లలో నేను పనిగట్టుకుని ఎవరి తలుపూ కొట్టలేదు. పోయి పిలిస్తే ఆమె నన్ను ఎగాదిగా చూసి, నిన్నెవరు పంపిండ్రు అని అడుగుతుంది. పుస్తకం చూపిస్తే రాదు. చిచ్చా పంపిండు అంటే లేచి వస్తుంది.

అదే చెబుతాను.

బయట బోరింగు పిడి సగం లేచి అట్లాగే ఉంది. ఆయన చెయ్యి పట్టిన చోట ఇనుము నున్నగా మెరుస్తూ తడుస్తోంది. గొడుగు తీసి అరుగు మీద పెట్టాను. లెక్క ఎంతదాకా వస్తే అంతే, మిగతాది అవ్వను తీసుకుపోయి వచ్చాక. ఇవాళ గిర్నిలో పట్టినవి: జొన్నలు రెండు సంచులు, గోధుమలు—