బొట్టు పెట్టిన డిస్కు

ఆ గది కోసం మా మామతో ఏడాది పొడవునా వాదించాను. జనగామ బజారులో మా అత్తగారింటి వాళ్లది బట్టల హోల్‌సేల్ దుకాణం. దాని మీది గదిలో నేను టైపు నేర్పేదాన్ని. ఎనభైల చివర్లో హైదరాబాద్ వెళ్లి కంప్యూటర్ నేర్చుకుని, ఒక యంత్రం తెప్పించి, అదే గదిలో ఆడపిల్లలకు క్లాసు పెడతానన్నాను. నర్మెట్ట, కొడకండ్ల నుంచి బస్సెక్కి రావలసిన పిల్లల ఇళ్లకు నేనే వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించాను. సోమవారం మొదటి క్లాసు. శుక్రవారం యంత్రం మొరాయించింది.

మామ తీర్పు చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. "సోమారం పొద్దుగాల దాక జూస్త బిడ్డా. గప్పటికి లేవకుంటే లారీల ఏసి హైద్రాబాద్ పంపుత. గదిల చీరెల బేళ్లు పెట్టుకుంట."

అంటే యంత్రం పోవడమే కాదు, గదీ పోతుంది. ఒకసారి ఆ చీరల మూటలు ఎక్కాక మళ్లీ ఆడపిల్లలు ఎక్కుతారన్న ఆశ నాకు లేదు.

వాదన నాకు కొత్త కాదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడినప్పుడు మహబూబాబాద్‌లో మా నాయిన ఇంటి అరుగు మీదే వాదసభలు పెట్టేవాడు. దయ్యాలు, జాతకాలు, బాల్యవివాహాలు, ఏదైనా సరే. చిన్నపిల్లనని నన్ను వదిలేవాడు కాదు. "నువ్వు నమ్మింది జెప్పకు బిడ్డా, చూసింది జెప్పు" అనేవాడు. ఆ మాట నాలో నిప్పులా మిగిలిపోయింది. అత్తగారింట్లో నాకు నోరెక్కువన్న పేరు దాని పుణ్యమే.

ఆ రోజుల్లో మా కంప్యూటర్‌కు సొంత జ్ఞాపకమంటూ లేదు. రోజూ పొద్దున్నే ఒక పల్చటి నల్ల డిస్కు పెడితే, అందులోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను చదువుకుని అప్పుడు నిద్రలేచేది. ఆ సిస్టమ్ కొత్తది వచ్చిందని, పిల్లల పాఠాలకు అదే మేలని అమ్మినవాళ్లు శుక్రవారం బస్సులో కొత్త డిస్కు పంపారు. ఆ రోజు అమావాస్య. మామ వద్దన్నాడు. నేను వినలేదు.

"సరే, బొట్టన్న పెట్టనియ్యి" అన్నాడు. మా దుకాణంలో కొత్త బేలుకు బొట్టు పెట్టందే కత్తెర వెయ్యరు. "డిస్కుకు వద్దు మామా, పైన కాగితం కవరుకు పెట్టుకోండి" అని, నేను బల్ల కిందికి వంగి కరెంటు తీగలు సరిచూసుకున్నాను. లేచేసరికి మామ డిస్కును తిరిగి కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. కవరు మీద బొట్టుంది. తీసి యంత్రంలో పెట్టాను.

గరగరమంది. తెర మీద, చదవలేకపోతున్నానని ఒక్క ముక్క వచ్చి ఆగిపోయింది. కొత్తదానిలో లోపముందేమోనని పాత డిస్కు పెట్టాను. నిన్నటిదాకా చక్కగా నడిచిన అది కూడా గరగరమని ఆగిపోయింది.

"జెప్పిన గదా అమాస అని!" అన్నాడు మామ.

"నిన్న అమావాస్య నాడు మీ రేడియో మోగలేదా మామా? మీ గల్లాపెట్టె తెరుచుకోలేదా?" అన్నాను మర్నాడు, శనివారం పొద్దున, దుకాణంలోకి దిగి.

"రేడియో పాతది. దానికి అలవాటైంది."

బేరమాడుతున్న గిరాకీలంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఒళ్లు మండింది కూడా. పక్క దుకాణం నుంచి హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే, అమ్మినవాడు యంత్రం ముఖమైనా చూడకుండానే చెప్పేశాడు: "లోపల బోర్డు పోయుంటుంది మేడం. పంపించండి. నెలన్నా పడుతుంది." ఒకరిది అమావాస్య, ఇంకొకరిది బోర్డు. ఇద్దరూ చూడకుండా చెప్పినవాళ్లే!

పైకి వచ్చాను. నా దగ్గర పాత సిస్టమ్ నకలు ఉన్న డిస్కు ఇంకొకటే మిగిలింది. దాన్ని కవరులోంచి తీసి యంత్రం నోటి దగ్గర సగం దాకా పెట్టాను. పెట్టి ఆగిపోయాను. కొత్త డిస్కు ఒక్కటే చెడ్డదైతే పాతది నడవాలి. నడవలేదు. యంత్రమే చెడిపోయిందంటే, కొత్త డిస్కు పెట్టిన ఆ క్షణాన్నే ఎందుకు చెడింది? కొత్తది లోపల ఏదో వదిలి వచ్చిందా? అదే నిజమైతే, లోపలికి పోయిన ప్రతి డిస్కునూ ఈ యంత్రం పాడు చేస్తుంది. ఇదీ పోతే ఇక పరీక్షించడానికి నా దగ్గర ఏమీ ఉండదు!

చేయి వెనక్కి తీసుకున్నాను. నిన్న ఆగిపోయిన పాత డిస్కును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎండకు పట్టాను. డిస్కుకు రెండువైపులా పొడుగాటి సందు ఉంటుంది. యంత్రం అందులోంచే చదువుతుంది. ఆ సందులో, నల్లటి నునుపు మీద సన్నటి గీత. చేత్తో తిప్పితే గీత కూడా గుండ్రంగా తిరిగింది. కొత్తదాన్ని తీసి వెనక్కి తిప్పాను. అందులోనూ అదే గీత, కానీ ఎర్రగా!

మెట్ల మీదినుంచి అరిచాను. "మామా! బొట్టు ఏడ పెట్టిన్రు?"

చీర మడతపెడుతున్న మామ తలెత్తాడు. "కవరుకు పెట్టిన."

"డిస్కుకు?"

"దానికి గూడ జర్రంత పెట్టిన. ముందట అక్షరాలున్నయ్, అక్షరాల మీద పెడ్తే సరస్వతికి మంచిగుండదని ఎనకకు తిప్పి ముఖానికి పెట్టిన."

"గది ముఖం కాదు మామా, సందు!"

"నాకేం ఎరుక? గంత నున్నగ, నల్లగ మెరుస్తుంటే ముఖమే అనుకున్న. బొట్టు ముఖానికి గాక కాళ్లకు పెడ్తరా?"

మా అత్తమ్మ చేటలో బియ్యం ఏరుతూ నవ్వి నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు మాత్రం పట్టరాని ఉత్సాహం. మందుల దుకాణం నుంచి స్పిరిట్ తెప్పించాను. యంత్రం ప్లగ్గు పీకి, మరలు విప్పాను. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, లోపల డిస్కును చదివే, బుల్లి గుండీ లాంటి భాగాన్ని మెల్లగా తుడిచాను. దూది ఎర్రబడింది. మళ్లీ కొత్త దూది, మళ్లీ ఎరుపు. తెల్లగా వచ్చేదాకా తుడిచాను. ఎర్ర దూది ముక్కలన్నీ కాగితంలో పెట్టుకుని కిందికి పరుగెత్తి మామ ముందు పరిచాను.

"ఇగో అమావాస్య!"

మామ ఒక ముక్క తీసి వాసన చూశాడు. "మన కుంకుమనే" అన్నాడు నెమ్మదిగా.

అయినా వాదన గెలిచినట్టు కాదు. తుడిస్తే శుభ్రమైందని తెలుసు. నడుస్తుందని తెలియదు. ఆ గీతతో పాటు గుండీ కూడా అరిగిపోయి ఉంటే అమ్మినవాడిదే పైచేయి. తడి ఆరేదాకా పైన కూర్చున్నాను. మామ కూడా పైకి వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని, దేన్నీ ముట్టకుండా. మిగిలిన ఒక్క డిస్కు పెట్టాను. స్విచ్చి నొక్కాను.

గరగర లేదు. పాల గిన్నె మీద మూత కదిలినట్టు చిన్న చప్పుడు. ఆ తర్వాత నల్లటి తెర మీద ఒక ఆకుపచ్చ అక్షరం, దాని పక్కన బాణం మొన!

నేను చప్పట్లు కొట్టాను. అత్తమ్మ మెట్ల కింది నుంచి "లేసిందా?" అని అడిగితే "లేసిందే!" అని జవాబిచ్చింది నేను కాదు, మామ.

సోమవారం పిల్లలు వచ్చారు, పాత సిస్టమ్ మీదే మొదలుపెట్టాం. బేళ్లు కిందే ఉన్నాయి. అమ్మినవాళ్లను అడిగి కొత్త సిస్టమ్ డిస్కు మళ్లీ తెప్పించాను. అది వచ్చాక పట్టుబట్టి మరుసటి అమావాస్య దాకా ఆగాను. ఆ రోజు మామ కుంకుమ భరిణెతో పైకి వచ్చాడు. ఆయన గడపకు బొట్టు పెట్టి, భరిణె మూత గట్టిగా బిగించి, జేబులో వేసుకున్నాడు.

"మళ్ల పడుకుంటే ఏం జేస్తవు బిడ్డా?" అన్నాడు.

"విప్పి చూస్త మామా" అన్నాను, డిస్కు లోపలికి తోస్తూ.