టైలరక్క సాక్ష్యం

మా అక్క పగ పట్టింది కాబట్టే ఈ ఊళ్ళో పదకొండు కొత్త చర్చి సంఘాలు పుట్టాయి. ప్రేమ వల్ల పుట్టాయనీ, ప్రార్థన వల్ల పుట్టాయనీ సభల్లో చెబుతుంటారు. చెప్పుకోనివ్వండి, నాకేం పోయింది! ఇన్నేళ్ళూ పక్క మిషను మీద కూర్చుని కాజాలు కుట్టినదాన్ని నేను. ఆవిడ పళ్ళు నూరుతుంటే రెండు మిషన్ల చప్పుడులోనూ నాకు వినిపించేది.

ఊరంతా ఆవిణ్ణి టైలరక్క అంటారు. మెట్ల కింద ఇరుకు గది, రెండు కుట్టుమిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడకి వేలాడే బడి యూనిఫాంలు. బావ పోయాక మా ఇద్దరికీ, అక్క కూతురికీ అన్నం పెట్టింది ఆ గదే. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది గానీ, కథ చెప్పడంలో మాత్రం అక్కని మించినవాళ్ళు లేరు. కొలతలు తీసుకుంటూ ఏదో ఒకటి మొదలుపెట్టేది. ప్యాంటు కుట్టించుకుందామని వచ్చినవాడు కథ సగంలో వదలలేక చొక్కాకి కూడా కొలతలిచ్చి పోయేవాడు.

ఆ నోటితోనే అక్క సీసాల ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఎనిమిది కుటుంబాలను కూడగట్టింది. ఎవరూ పంపలేదు, ఎవరూ అడగలేదు. ప్రతి గురువారం సాయంత్రం షాపు షట్టరు దించి, రెండు బస్సులు మారి వెళ్ళేది. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. అందుకని ప్రభువు కథ ఒకటి చెప్పేది, విన్నవాళ్ళలో ముగ్గురి చేత మళ్ళీ చెప్పించేది. కలపకూడదు, వదలకూడదు. తప్పొస్తే చుట్టూ కూర్చున్నవాళ్ళు సరిదిద్దాలి. రెండేళ్ళలో ఆ ఎనిమిది ఇళ్ళవాళ్ళూ కథలన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పగలిగేవాళ్ళు. జబ్బు చేసినవాళ్ళ దగ్గర వంతులవారీగా కూర్చునేవాళ్ళు. ఒక గది దొరికింది. దాన్ని ప్రతిష్ఠ చెయ్యమని అక్కే వెళ్ళి మా పెద్ద సంఘం పాస్టరు గారిని పిలిచింది. అక్కడే పప్పులో కాలేసింది పిచ్చిది.

ఆయన వచ్చాడు, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. ప్రార్థన చేశాడు, గది నలుమూలలా చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఏదో సరదాకి ఆడుకున్నారు. ఇవాళ్టి నుంచి ఇది సంఘం. మా తమ్ముడు చూసుకుంటాడు," అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, "అమ్మాయ్, పాస్టర్ల కాలేజీ గుమ్మం తొక్కనివాళ్ళు వాక్యం చెబితే విన్నవాళ్ళకి కూడా పాపమే. నీకెందుకు చెప్పు ఈ తలనొప్పి? కిటికీలకి కర్టెన్లు కుట్టి పెట్టు, అదీ సేవే," అన్నాడు.

తమ్ముడు నవ్వాడు. వాళ్ళతో వచ్చిన సంఘ పెద్దలు నవ్వారు. అన్నిటికంటే ఘోరం, మా ఎనిమిది ఇళ్ళవాళ్ళలో కూడా ఇద్దరు ముగ్గురు, పెద్దలు నవ్వారు కదా అని, తామూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మాత్రం "సరేనండి" అంది.

కర్టెన్లు కుట్టింది కూడా. నాలుగు కిటికీలకీ కుట్టి, ఇస్త్రీ చేసి, నా చేతే పంపింది. "నీకు సిగ్గూ శరం లేవా?" అని అరిచాను. అప్పుడు చెప్పింది, కత్తెర బల్ల మీద పెట్టి, చాలా నెమ్మదిగా: "ఆ ఎనిమిది ఇళ్ళూ నా కష్టమని ఆయన నోటితోనే అనిపిస్తానే. నలుగురి ముందు అనిపిస్తాను. అనిపించకపోతే నేను మనిషినే కాదు."

అదీ సంగతి. సువార్త, దర్శనం, పిలుపు అని మీరు ఎన్ని పేర్లయినా పెట్టుకోండి, అక్కకి కావలసింది ఆ ఒక్క మాట.

ఎలా రప్పించాలో ఆలోచించడానికి అక్కకి ఎన్నో రోజులు పట్టలేదు. ఆయన బలం ఆయన హాలు. ఆదివారం పొద్దున నిండే ఆ మూడొందల కుర్చీలు. వాటిని ఒక్కొక్కటే ఖాళీ చెయ్యాలి. మొదట ప్లంబరుని పట్టింది. తడి ప్యాంటుతో ముందు వరసలో కూర్చున్నాడని పాస్టరు గారు అతన్ని అందరి ముందూ లేపి వెనక్కి పంపించారు ఒకసారి. తర్వాత ఆసుపత్రిలో ఆయా. ఆవిడ పాట పాడితే శృతి లేదన్నారట. తర్వాత మా ఇంటి ఓనరు భార్య. ఆవిడకి ఆయన మీద ఏం కోపమో నాకిప్పటికీ తెలీదు, పిలవగానే వచ్చేసింది.

ఒకరు ఇల్లు తెరుస్తారు. ఒకరు పాడతారు. ఒకరు కథ చెబుతారు. ఒకరు జబ్బుపడ్డవాళ్ళని చూడడానికి వెళతారు. నలుగురు కలిస్తే ఒక జట్టు. ఎవరికీ చదువు అక్కర్లేదు, జీతం లేదు. ఆరు నెలలు ఒక చోట పనిచేసి, ఆ చోటివాళ్ళలోంచే ఇంకో నలుగుర్ని తయారుచేసి, పగ్గాలు వాళ్ళకిచ్చి, ఇంకో వీధికి పోవాలి. అక్క ఆ జట్లకి శిక్షణ ఇచ్చింది మా కటింగ్ బల్ల చుట్టూనే.

మొదటి రోజు అభ్యాసానికి తప్పిపోయిన గొర్రె కథ అనుకున్నాం. అక్క నోరు తెరిచింది. అప్పటికి కర్టెన్లు ఇచ్చి వారం కూడా కాలేదు, కడుపు మంట ఇంకా తగ్గలేదు. గొర్రె పక్కకి పోయింది, సీసాల ఫ్యాక్టరీ క్వార్టర్లు వచ్చాయి. పాస్టరు ఏమన్నాడో, తమ్ముడు ఎలా నవ్వాడో పూసగుచ్చినట్టు చెప్పింది. ప్లంబరు మళ్ళీ చెప్పాడు. ఆయా మళ్ళీ చెప్పింది. ఓనరు భార్య చెబుతూ ఏడ్చేసింది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట వదల్లేదు. ఎంత బాగా వచ్చిందంటే, ప్రతి జట్టుకీ అదే మొదటి పాఠమైపోయింది. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మొదట 'టైలరక్క సాక్ష్యం', తర్వాతే మిగతావి. గొర్రె కథలో తడబడేవాళ్ళు కూడా అక్క కథ అనర్గళంగా చెప్పేవాళ్ళు. ఆ పాస్టరు మొహం ఎరగనివాళ్ళు కూడా ఆయన పేరెత్తితే పటపటా పళ్ళు కొరికేవాళ్ళు. నాకు ఎంత హాయిగా ఉండేదో!

లాండ్రీ వెనక గదిలో ఒక సంఘం. ప్లంబరు మేడ మీద రేకుల కింద ఒకటి. ఆయా వాళ్ళ వీధిలో రెండు. పెద్ద హాల్లో వెనక వరసలు ఖాళీ అయ్యాయి, తర్వాత మధ్యవి. ఖాళీ కుర్చీలు కనిపించకుండా మడిచి గోడకి ఆనించారని కబురొచ్చిన రోజు అక్క నాకు టీ తెప్పించి, తనే కప్పులో పోసి ఇచ్చింది. తొమ్మిదో ఏడు సంఘ పెద్దలంతా కూర్చుని, జనం తగ్గిపోవడానికి నువ్వే కారణమని ఆయన్ని దింపేసి తమ్ముణ్ణి ఎక్కించారు. ఆ మరుసటేడు ఆయన భార్య పోయింది. ఆయన కూతురి ఇంట్లో ఉంటున్నాడని విన్నాం. "బాగా అయింది," అన్నాను. "ఇంకా అనలేదుగా," అంది అక్క.

పదకొండో సంఘం బస్సు డిపో క్యాంటీన్లో. దాన్ని నడిపేది ఒక మెకానిక్. గోళ్ళలో గ్రీజు, గుండెల్లో నిప్పు. అక్క జట్టు తయారుచేసిన జట్టు తయారుచేసిన జట్టులో మనిషి. ఒక ఆదివారం పొద్దున అక్కా నేనూ చూసొద్దామని వెళ్ళాం. స్టీలు బెంచీల మీద పాతికమంది ఉన్నారు. పాట అయిపోతుండగా ఒక ముసలాయన తలుపు దగ్గర నిలబడి, "లోపలికి రావచ్చా?" అని అడిగాడు. చిక్కి సగమయ్యాడు, జుట్టంతా పోయింది, అయినా గొంతు ఎక్కడికి పోతుంది? అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నోరు మూసుకోమని.

కొత్త మనిషి వచ్చాడు కాబట్టి మెకానిక్ సాక్ష్యం మొదలుపెట్టాడు. ఆ పాస్టరు, ఆ తమ్ముడు, ఆ కర్టెన్లు. తర్వాత ఒక కండక్టరు భార్య మళ్ళీ చెప్పింది. తర్వాత క్యాంటీన్లో గిన్నెలు కడిగే ఆవిడ. ముసలాయన తల వంచుకుని విన్నాడు. మధ్యలో ఒకసారి కళ్ళెత్తి చూస్తే ఎదురుగా మా అక్క.

"పెద్దాయనా, మీరూ ఒకసారి చెప్పండి," అన్నాడు మెకానిక్. "మొహమాటపడకండి. తప్పులొస్తే మేం సరిదిద్దుతాం."

"ఒంట్లో బాగా లేదు బాబూ, ఇంకోసారి..."

"చెప్పనివ్వండి," అంది అక్క. అంతే అంది.

ఆయన బెంచీ పట్టుకుని లేచాడు. మొదలుపెట్టాడు. అంతా వరసగా వచ్చింది, ఆయనన్న మాటలతో సహా. "అప్పుడామె కొలతల టేపు మెడలో వేసుకుని తలుపు పక్కన నిలబడి ఉంది. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది..."

"టేపు సంగతి కథలో లేదు పెద్దాయనా," మెకానిక్ ఆపాడు. "మనం కలపకూడదు."

"ఉంది నాయనా. నేను చూశాను."

మెకానిక్‌కి అర్థం కాలేదు. పాతికమందిలో ఎవరికీ అర్థం కాలేదు. ఆయన అక్క వైపు తిరిగాడు. "ఆ పాస్టరుని నేనే. ఆ ఎనిమిది ఇళ్ళూ ఈ అమ్మాయి కష్టమే. ఈమె చెబుతుంటే జనం ముందుకి జరిగి కూర్చునేవాళ్ళు. నేను చెబుతుంటే గడియారం చూసుకునేవాళ్ళు. ఓర్చుకోలేకపోయాను. నాదే తప్పమ్మా."

విన్నారుగా! పదకొండేళ్ళు ఎదురుచూసిన మాట, నలుగురి ముందు కాదు, పాతికమంది ముందు. నా కళ్ళు చల్లబడ్డాయి.

మెకానిక్ ఒక్క అంగలో ఆయన ముందుకొచ్చాడు. "నువ్వా! ఎన్ని గుండెలు నీకు, ఇక్కడికి రావడానికి! పో, నడువు బయటికి!" భుజం పట్టాడు. వెనకనించి ఇంకో ఇద్దరు లేచారు. అప్పటిదాకా నోట్లో నాలుక లేనట్టుండే కండక్టరు భార్య "మా అక్కనా అన్నావు?" అని మీదికి పోయింది. ఆ తోపులాటలో ఆయన కళ్ళజోడు కింద పడింది. ఆయన వంగి నేల తడుముకుంటుంటే ఎవరూ తీసివ్వలేదు. తలెత్తి అక్క ఉన్న వైపు చూశాడు. 'ఆగండి' అని అక్క ఒక్క మాటంటే చాలు, అందరూ కూర్చునేవాళ్ళు. అక్క ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. గెంటేశారు. కళ్ళజోడు తర్వాత ఎవరో కిటికీలోంచి బయటికి విసిరారు.

బస్సులో నేను పట్టలేని సంతోషంతో వాగుతూనే ఉన్నాను. మరునాడు అక్క ఒక యూనిఫాం ప్యాంటుకి జేబు నోరు మూసేసి కుట్టింది, విప్పి మళ్ళీ అలాగే కుట్టింది. "నేను ఆపాల్సిందే," అంది మధ్యాహ్నం.

"ఎందుకు ఆపాలి? ఆ రోజు తమ్ముడు నవ్వుతుంటే ఆయన ఆపాడా?"

"అడిగిందల్లా ఇచ్చేశాడు కదే. ఇంకేం కావాలని చూస్తూ కూర్చున్నాను?"

నేను నా కాజాల పని చూసుకున్నాను. మంగళవారం అక్క ఒక్కతే ఆయన కూతురి ఇంటికి వెళ్ళింది. కూతురు తలుపు సగమే తెరిచి, నాన్న ఎవరినీ చూడనంటున్నారు, ఆదివారాలు కూడా మంచం దిగడం లేదు అని చెప్పి మూసేసిందట.

నెల తిరిగేసరికి కొత్త జట్టు శిక్షణకి వచ్చింది. నలుగురూ కటింగ్ బల్ల చుట్టూ కూర్చున్నారు. అందులో బేకరీలో పనిచేసే ఆవిడ ఒకత్తి. డిపో మొహం కూడా ఎప్పుడూ చూడలేదు. సాక్ష్యం చెప్పమంటే చకచకా మొదలుపెట్టింది. కర్టెన్ల దగ్గర ఆగలేదు. పదకొండేళ్ళ తర్వాత ఆ పాస్టరు చిక్కి శల్యమై రావడం, నేనే అని ఒప్పుకోవడం, మెకానిక్ భుజం పట్టడం, కళ్ళజోడు పడటం, అన్నీ చెప్పింది. "ఆయన్ని గెంటేస్తుంటే అక్క ఒక్క మాట కూడా అనలేదు," అని ముగించి, మెరిసే కళ్ళతో చూసింది. "తప్పులుంటే సరిదిద్దక్కా."

తప్పులెక్కడున్నాయి? అన్నీ జరిగినవే. అక్క మొహం పాలిపోయింది.

"చివర ఒక మాట వదిలేశావమ్మా," అంది. "అక్క అలా ఊరుకోవడం పాపం. ఆయన చేసినదానికంటే అక్క చేసిందే పెద్ద తప్పు. అది కూడా కలిపి చెప్పు."

బేకరీ ఆవిడ తల ఊపింది. పక్కనున్న లారీ డ్రైవరు వంతు వచ్చింది. అతను కూడా తడుముకోకుండా చెప్పుకుపోయాడు. చివరికొచ్చేసరికి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంతా జరిగాక, టైలరక్క ఎంత వినయం గల మనిషంటే, తప్పు తనదేనని ఆవిడే చెప్పింది!"

"కాదయ్యా, నిజంగానే..." అంటూ అక్క లేచి నిలబడింది.

చూశారా, ఇప్పుడు కూడా ఎంత వినయమో, అన్నట్టు వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.